మందు పుట్టడం, మందు చేరడం

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం. కర్నూలులో వైద్య విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



సుబ్బారావు గారి పేరున మాట్లాడమంటే వక్తలు సాధారణంగా ఆయనకు నోబెల్ ఎందుకు రాలేదనే దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఆ చర్చ ఈ రోజు నాకు అక్కర్లేదు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. 1948 ఆగస్టులో న్యూయార్కులో పోయారు. ఆ యాభై మూడేళ్ల బతుకులో చేసిన పని మన వార్డుల్లో ఇప్పటికీ నడుస్తోంది. రక్త క్యాన్సర్‌తో వచ్చిన పసివాడికి మెథోట్రెక్సేట్ రాస్తాం. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన అవ్వకు వారానికోసారి వేసుకొమ్మని అదే మాత్ర రాస్తాం. ఆ మందుకు మూలం ఆయన ప్రయోగశాల.

ఆ కథ మీలో చాలామందికి తెలుసు, కాబట్టి నాకు కావలసినంతే చెబుతాను. సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ వ్యాధితో పోయారు. పేగులు తిన్నదాన్ని పీల్చుకోలేక మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. 1922లో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డులో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫిస్క్-సుబ్బారావ్ అని చదువుకున్నది అదే. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు మందు దొరికింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో ఉన్న సిడ్నీ ఫార్బర్ మాత్రం ఇంకో సంగతి గమనించాడు. ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇస్తే రక్త క్యాన్సర్ పిల్లల్లో జబ్బు ఇంకా వేగం పుంజుకుంటోంది. అయితే దానికి ఎదురు పనిచేసే పదార్థం కావాలని లెడర్లీని అడిగాడు. సుబ్బారావు గారి దగ్గర నుంచి అమినోప్టెరిన్ వెళ్లింది. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అంతకు ముందు ఏ మందుకూ లొంగని జబ్బు అది. ఆ తరువాత రెండు నెలలకే సుబ్బారావు గారు లేరు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్.

నా ప్రసంగం ఇక్కడ మొదలవుతుంది. అమినోప్టెరిన్ పనిచేసింది, నిజమే. కానీ అది క్యాన్సర్ కణాన్ని వెతుక్కుంటూ పోదు. నెత్తుటితో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. వేగంగా పెరిగే ఏ కణమైనా దానికి ఒకటే. అందుకే రోగికి నోరు పూస్తుంది, జుట్టు ఊడుతుంది, ఎముక మజ్జ చచ్చుబడుతుంది. 1948లో మందు పుట్టింది. చేరవలసిన చోటుకి చేరడం ఎట్లా అన్న ప్రశ్నకు ఇవాళ్టికీ సగం సమాధానమే మన చేతిలో ఉంది.

ఆ సగం సమాధానంలో ఒక ముఖ్యమైన భాగం ప్రొటీన్ నానోకణాలు. క్యాన్సర్ మందును ఒక ప్రొటీన్‌లో ఇమిడ్చి, మిల్లీమీటరును కొన్ని వేల భాగాలు చేస్తే ఒక్క భాగమంత ఉండే ఉండలుగా చేసి, నరంలోకి ఎక్కించడం. ఇందులో ఇప్పటికి ఆసుపత్రి దాకా వచ్చి, లక్షలమందికి ఎక్కినది ఒక్కటే: మనిషి రక్తంలోని అల్బుమిన్‌తో చేసిన పాక్లిటాక్సెల్.

అల్బుమిన్ గురించి కాస్త తీరిగ్గా చెప్పుకుందాం. మన కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల అల్బుమిన్ తయారుచేస్తుంది. ఒక్కో అణువులో 585 అమైనో ఆమ్లాలు. డెసీలీటరు రక్తరసంలో మూడున్నర నుంచి అయిదు గ్రాములు ఉండాలి. ఆలూరు, పత్తికొండ, బద్వేలు వైపు నుంచి ముదిరిన జబ్బుతో వచ్చే రోగుల రిపోర్టుల్లో ఆ అంకె రెండున్నరకు దిగడం మీరు చూస్తూనే ఉంటారు. ఒకసారి తయారైన అల్బుమిన్ సగటున 19 రోజుల్లో సగం అవుతుంది, అంటే నెత్తుటిలో చాలాకాలం నిలుస్తుంది. ఊరికే తిరగదు. కొవ్వు ఆమ్లాలను, బిలిరుబిన్‌ను, మనం ఇచ్చే మందుల్లో చాలావాటిని మోస్తుంది. క్యాన్సర్ కణానికి అల్బుమిన్ మీద ఇంకో రకం ఆశ ఉంది. చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్కలుగా మింగి, అందులోని ప్రొటీన్‌ను అరిగించుకుని అమైనో ఆమ్లాలుగా వాడుకుంటుంది. రాస్ జన్యువు మారిపోయిన కణాలు ఈ పని బాగా చేస్తాయని 2013లో తేలింది. క్లోమ క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడేది ఆ మార్పే. ఆకలిగొన్న కణం ముందు దాని ఆహారంలోనే మందు పెట్టి ఇవ్వవచ్చన్న ఆలోచనకు ఇదొక బలం.

ఇక పాక్లిటాక్సెల్. అమెరికా పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడును 1962లో సేకరించారు. వాల్, వాణీ అనే శాస్త్రవేత్తలు అందులోంచి వేరుచేసిన పదార్థపు నిర్మాణాన్ని 1971లో ప్రకటించారు. మన్సుఖ్ వాణీ మహారాష్ట్రలోని నందుర్బార్ నుంచి వెళ్లినవాడు. 1992 చివర అండాశయ క్యాన్సర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. మందు గొప్పది, చిక్కల్లా అది నీళ్లలో కరగదు. కరిగించడానికి వాడినది క్రెమొఫోర్ అనే నూనె. దాన్ని చేసేది ఆముదంతో. మన మెట్ట పొలాల్లో పండే ఆముదమే. దాన్ని ఇథిలీన్ ఆక్సైడ్‌తో కలిపి మారుస్తారు. అలా మారినది నరంలోకి ఎక్కితే కొందరికి ఊపిరాడదు, రక్తపోటు పడిపోతుంది, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. మందు కన్నా మందును మోసేది ఎక్కువ ప్రమాదం తెచ్చిపెట్టిందన్నమాట. అందుకని ఎక్కించడానికి 12 గంటల ముందు ఒకసారి, 6 గంటల ముందు మరోసారి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వాలన్నది పాత పద్ధతి. ఆపైన యాంటీహిస్టమిన్. ఆపైన మూడు గంటల సెలైన్. మామూలు పీవీసీ గొట్టం కూడా పనికిరాదు, ఆ నూనె గొట్టంలోని రసాయనాలను లాగేస్తుంది.

షుగరు ఉన్న రోగికి ఆ డెక్సా మోతాదు ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

పాట్రిక్ సూన్-షియాంగ్, నీల్ దేశాయ్ బృందం ఆ నూనెను పూర్తిగా తీసేసింది. మందును సేంద్రియ ద్రావణిలో, అల్బుమిన్‌ను నీళ్లలో కరిగించి, రెండింటినీ కలిపి, తీవ్రమైన ఒత్తిడితో సన్నని సందులోంచి నెడతారు. ద్రావణిని ఆవిరి చేసి తీసేశాక మిగిలేవి సుమారు 130 నానోమీటర్ల కణాలు. ఎర్ర రక్తకణం వీటికి దాదాపు అరవై రెట్లు పెద్దది. వాటిని వడకట్టి, గడ్డకట్టించి ఆరబెట్టి, పొడిగా సీసాలో నింపుతారు. ఒక్కో సీసాలో 100 మిల్లీగ్రాముల మందు, 900 మిల్లీగ్రాముల అల్బుమిన్. ఆ అల్బుమిన్ రక్తదాతల ప్లాస్మా నుంచి వచ్చినది. రక్తదాన శిబిరంలో సంచీ నింపి బిస్కెట్ తిని పోయేవాళ్లకు తమ నెత్తురు ఇన్ని దారుల్లో వెళుతుందని ఎవరూ చెప్పరు, చెప్పాలి.

2005 జనవరిలో అబ్రాక్సేన్ పేరుతో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి దొరికింది. 2008లో బయోకాన్ దాన్ని భారతదేశానికి తెచ్చింది. అదే సూత్రంతో మన హైదరాబాదు నాట్కో కంపెనీ అల్బుపాక్స్ అని తయారుచేసింది. ఇప్పుడు ఇంకా కొన్ని దేశీయ కంపెనీలు చేస్తున్నాయి.

ఫలితాలు ఏమిటి? అనుమతికి ఆధారమైన పరీక్షలో మూడు వారాలకోసారి మందు ఇచ్చి పోల్చారు. గడ్డ తగ్గినవాళ్లు పాత మందుతో 19 శాతం, కొత్తదానితో 33 శాతం. జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన కాలం పాతదానితో దాదాపు 17 వారాలు, కొత్తదానితో 23 వారాలు. కొత్తది ఎక్కువ మోతాదులో ఇచ్చినా తెల్లకణాలు తీవ్రంగా పడిపోవడం తక్కువే. కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం మాత్రం ఎక్కువ: తీవ్రస్థాయిలో 10 శాతానికి, పాతదానితో 2 శాతానికి. 2013లో వచ్చిన క్లోమ క్యాన్సర్ పరీక్షలో 861 మంది రోగులు. జెమ్సిటబిన్ ఒక్కటే ఇస్తే మధ్యస్థ ఆయుర్దాయం 6.7 నెలలు, అల్బుమిన్ మందును జతచేస్తే 8.5 నెలలు. ఏడాది దాటి బతికినవారు 22 శాతం నుంచి 35 శాతానికి పెరిగారు.

కంపెనీ ప్రతినిధి మీ గదిలోకి వచ్చి చెప్పేది ఇక్కడితో ఆగుతుంది. మిగతాది నేను చెబుతాను. పాత పాక్లిటాక్సెల్‌ను మూడు వారాలకోసారి కాక వారం వారం చిన్న మోతాదులో ఇవ్వడమే మేలని ఈలోగా తేలింది. అప్పుడు వారం వారం పాతదాన్నీ, వారం వారం అల్బుమిన్ మందునూ పోలుస్తూ అమెరికాలో దాదాపు 800 మందితో పరీక్ష జరిపారు. 2015లో ఫలితం వచ్చింది. కొత్తది మేలు కాదు. పైగా ఆ మోతాదులో దుష్ప్రభావాలే ఎక్కువ. గడ్డలో ఉండే స్పార్క్ అనే ప్రొటీన్ అల్బుమిన్‌ను పట్టి లాగుతుందని మొదట్లో గొప్పగా చెప్పిన వివరణ కూడా క్లోమ క్యాన్సర్ రోగుల నమూనాల్లో నిలబడలేదు. నానో అన్న మాట వినగానే తుపాకీ గుండు గురి తప్పదన్నట్టు రాసే పత్రికలు ఈ సంగతులు రాయవు.

గురి విషయం ఇంకాస్త చూద్దాం. గడ్డలో రక్తనాళాలు హడావిడిగా, ఓటిగా పెరుగుతాయి, ఆ సందుల్లోంచి చిన్న కణాలు గడ్డలోకి కారి అక్కడే నిలిచిపోతాయని 1986లో జపాన్‌కు చెందిన మత్సుమురా, మయేదా చెప్పారు. ముప్పై ఏళ్లు ఈ రంగం ఆ ఒక్క వాక్యం మీద బతికింది. 2016లో టొరంటోలో వారెన్ చాన్ బృందం పదేళ్ల పరిశోధన పత్రాలన్నీ ముందేసుకుని లెక్క కట్టింది. జంతువులకు ఎక్కించిన నానోకణాల్లో గడ్డకు చేరినది మధ్యస్థంగా 0.7 శాతం. మిగిలినదాంట్లో చాలాభాగం కాలేయం, ప్లీహం మింగేస్తున్నాయి. సుంకేసుల దగ్గర కేసీ కెనాల్‌కు వదిలిన నీరు కడప చివరి ఆయకట్టు దాకా ఎంత వస్తుందో తెలిసిన రైతుకు ఈ లెక్క చెబితే నవ్వుతాడు, ఆశ్చర్యపోడు. 2020లో అదే బృందం మరో దెబ్బ కొట్టింది: చేరిన ఆ కాస్త కూడా ఎక్కువగా సందుల్లోంచి కారి వచ్చినది కాదు, రక్తనాళపు గోడలోని కణాలే దాన్ని పట్టి లోపలికి దాటిస్తున్నాయి. ఇది ప్రొటీన్ కణాలకు అనుకూలమైన వార్తే. గోడను దాటించే కణాలకు గుర్తుపట్టే ముఖం కావాలి. ప్లాస్టిక్ పూసకు లేని ముఖం ప్రొటీన్‌కు ఉంటుంది.

మన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య ఆనంద్ కుమార్ కొండపి బృందం చేసిన పని ఈ వైపుదే. వాళ్లు ఎంచుకున్నవి ఇనుమును మోసే ప్రొటీన్లు: రక్తంలోని ట్రాన్స్‌ఫెరిన్, పాలలోని లాక్టోఫెరిన్. ఈనిన ఆవు ఇచ్చే జున్నుపాలలో లాక్టోఫెరిన్ దండిగా ఉంటుంది. వేగంగా పెరిగే క్యాన్సర్ కణానికి ఇనుము ఎక్కువ కావాలి, అందుకని ట్రాన్స్‌ఫెరిన్‌ను పట్టుకునే గ్రాహకాలను ఒంటినిండా పెట్టుకుంటుంది. ఇనుము తీసేసిన ఖాళీ ప్రొటీన్‌లో మందు ఇమిడ్చి పంపితే కణం తనంతట తానే లోపలికి తీసుకుంటుందని వాళ్ల వాదన. 2009లో ట్రాన్స్‌ఫెరిన్ కణాల తయారీ ప్రచురించారు. ఆ పద్ధతి నాకు భలే నచ్చింది. ప్రొటీన్, మందు కలిపిన ద్రావణాన్ని ఆలివ్ నూనెలో వేసి ధ్వని తరంగాలతో చిలికి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టిస్తారు. కఠినమైన రసాయనాలతో ప్రొటీన్లను అతికించే పని లేదు, దాని ముఖం చెడదు. 2013లో డాక్సోరుబిసిన్ నింపిన కణాలను కాలేయ క్యాన్సర్ తెప్పించిన ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి, మందు బాగా పనిచేసిందనీ, గుండెకు హాని తగ్గిందనీ నివేదించారు. ఆ తరువాత పిల్లల కంటి క్యాన్సర్ కణాల మీద కార్బోప్లాటిన్‌తో ప్రయత్నించారు. ఇవన్నీ ప్రయోగశాలలో, ఎలుకల్లో వచ్చిన ఫలితాలు. మనుషుల దాకా తేవడానికి కావలసిన డబ్బు, శుద్ధమైన తయారీకేంద్రం, ఆసుపత్రి కలిసిరావాలి.

   

పట్టు సంగతీ చెప్పాలి. పట్టు దారంలో ఫైబ్రోయిన్, సెరిసిన్ అని రెండు ప్రొటీన్లు. దారం బరువులో నాలుగో వంతు దాకా ఉండే జిగురు సెరిసిన్. ధర్మవరం మగ్గాలకు వెళ్లే దారాన్ని సబ్బుతో, సోడాతో ఉడికించి ఆ జిగురును నీళ్లలో వదిలేస్తారు. ఈ రెండింటితోనూ మందు మోసే నానోకణాలు చేయవచ్చని ప్రపంచమంతటా ప్రయోగశాలలు చూపించాయి. హిందూపురం పక్కన కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర విభాగం 5-ఫ్లోరోయూరాసిల్ వంటి క్యాన్సర్ మందులను పాలిమర్ జెల్‌లలో ఇమిడ్చే పని ఏళ్లుగా చేస్తోంది. కర్నూలులో రోగులున్నారు, క్యాన్సర్ వైద్యులున్నారు. ఈ మూడు చోట్ల మధ్యా బస్సు ప్రయాణమంత దూరమే.

సుబ్బారావు గారి దగ్గరికి మళ్లీ వస్తే, ఆయన రెండు పదార్థాలూ ఈ రంగంలోకి తిరిగి వచ్చాయి. జర్మనీలో మెథోట్రెక్సేట్‌ను అల్బుమిన్‌కు అతికించి రోగుల మీద తొలి దశ పరీక్ష చేశారు. 1999లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అది మార్కెట్ దాకా రాలేదు. ఫోలిక్ ఆమ్లం అదృష్టం మెరుగ్గా ఉంది. అండాశయ క్యాన్సర్ కణాల మీద దాని గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. నానోకణం పైన ఫోలిక్ ఆమ్లం తగిలిస్తే అదే చిరునామా అవుతుంది. ఆ గ్రాహకాన్నే గుర్తుపట్టే ప్రతిరక్షక ప్రొటీన్‌కు విషాన్ని తగిలించిన మందుకు 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇప్పుడు మన ఊరి లెక్క. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నుంచి ఉంది. కర్నూలు వైద్య కళాశాల 1957లో పుట్టింది. రేడియేషన్ చికిత్సలో న్యూయార్కులో పేరు తెచ్చుకున్న నోరి దత్తాత్రేయుడు గారు ఈ కళాశాల విద్యార్థే. అయినా దశాబ్దాల పాటు ఇక్కడి రోగి కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికీ, కీమోకూ రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు హైదరాబాదుకు పోయాడు. కడప రోగి వేలూరుకో, మద్రాసుకో, తిరుపతికో పోయాడు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఖర్చు బరువు తగ్గింది, దూరం తగ్గలేదు. ఇప్పుడు ఆ దూరం కూడా తగ్గే రోజులు వచ్చాయి. కర్నూలులో 2019లో శంకుస్థాపన జరిగిన రాష్ట్ర క్యాన్సర్ సంస్థ ఉంది. 2022లో తిరుపతిలో టాటా ట్రస్టుల సాయంతో ఆసుపత్రి తెరిచారు. 2023 డిసెంబరులో కడప రిమ్స్‌లో క్యాన్సర్ విభాగం ప్రారంభమైంది.

అల్బుమిన్ మందు వల్ల మన రోగికి కలిగే అసలు మేలు నా దృష్టిలో ఇక్కడ ఉంది. ఆయుర్దాయం సంగతి పైన చెప్పాను, కొన్ని జబ్బుల్లో కాస్త లాభం, కొన్నిట్లో ఏమీ లేదు. కానీ అది ముప్పై నిమిషాల్లో ఎక్కుతుంది. ముందురోజు రాత్రి స్టెరాయిడ్ మాత్రలు గుర్తుపెట్టుకుని మింగే పని సాధారణంగా ఉండదు. మంత్రాలయం దగ్గరి పల్లె నుంచి తెల్లవారుజామున బయల్దేరిన ఆమె సాయంత్రం బస్సుకు ఇల్లు చేరగలదు. తోడు వచ్చిన కొడుకుకు రెండో రోజు కూలి పోదు. ఒక్క కుర్చీలో మూడు గంటలు ఒకరు కూర్చునే చోట ఎక్కువమందికి చికిత్స అందుతుంది. షుగరు రోగికి, క్రెమొఫోర్ పడని రోగికి అది అవసరమే. మిగతా అందరికీ రాయాల్సిన పని లేదు. వారం వారం ఇచ్చే పాత పాక్లిటాక్సెల్ చవకైన మంచి మందు. ఎవరికి ఏది అన్నది వైద్యుడు తేల్చాలి, కంపెనీ కాదు.

నర్సులకు రెండు మాటలు. ఆ పొడి సీసాలోకి సెలైన్ ధారగా కొట్టకూడదు. గోడ వెంబడి నిమిషం పైన పట్టేలా మెల్లగా వదలాలి, అయిదు నిమిషాలు కదపకుండా ఉంచాలి, ఆ తరువాత నురగ రాకుండా తిప్పాలి. గిలకొడితే ప్రొటీన్ పాడవుతుంది. సీసా 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో కర్నూలు మందుల గదిలో ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం ఆ సీసా ఎక్కడ ఉందో ఎవరో ఒకరు చూడాలి. అమెరికాలో రాసిన కరపత్రంలో నలభై నాలుగు డిగ్రీల ఎండ లేదు.

పీజీ విద్యార్థులకు నా విన్నపం. థీసిస్‌కు అంశం కోసం వెతుకుతున్నవాళ్లు ఈ జిల్లాల్లో పాక్లిటాక్సెల్ ఎక్కించుకునే ప్రతి రోగికీ ఒక పేజీ తెరవండి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్ని గంటలు పట్టింది, సీరం అల్బుమిన్ ఎంత, డెక్సా తరువాత షుగరు ఎంతకు పోయింది, ఎలర్జీ వచ్చిందా, తిమ్మిర్లు ఏ వారంలో మొదలయ్యాయి, మధ్యలో మానేశారా, మానేస్తే మందు పడకనా, బస్సు ఛార్జీ లేకనా. పాత మందుకూ కొత్త మందుకూ విడివిడిగా రాయండి. కర్నూలు, కడప, తిరుపతి ఆసుపత్రులు మూడూ ఒకే నమూనాలో రాస్తే, ఏ మందు కొనాలో ప్రభుత్వానికి చెప్పే ఆధారం మన దగ్గరే ఉంటుంది. ఆ పేజీలు వచ్చే ఏడాది ఈ వేదిక మీద మీరే చదవండి.